ఏ బ్రాంచో తేలకముందే మొదటి ఏడాది ఎంచుకోవాల్సి వస్తే: అమెరికా రెసిడెన్సీకి అప్లై చేసేవాళ్ల కోసం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. హౌస్ సర్జెన్సీలో ఉన్నవాళ్లూ, స్టెప్ 2 (అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో రెండోది) రాసేసి ఈ సెప్టెంబర్‌లో రెసిడెన్సీకి, అంటే అక్కడి స్పెషలిస్ట్ శిక్షణకి, అప్లై చేయబోయేవాళ్లూ కలిసి కూర్చున్నారు. అందుకని మొదట నాలుగు మాటలు అందరికీ ఒకేలా అర్థమయ్యేట్టు చెప్పి, ఆ తర్వాత అసలు సంగతిలోకి వెళ్తాను.

మ్యాచ్ అంటే అభ్యర్థులూ ప్రోగ్రాములూ ఇచ్చిన ర్యాంక్ లిస్టులు కలిపి కంప్యూటర్ సీట్లు కేటాయించే పద్ధతి. అందులో సీట్లన్నీ ఒక రకం కావు. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక అక్షరం తగిలించి ఉంటుంది. సి అంటే కేటగరికల్. ఇంటర్న్ ఏడాది (శిక్షణలో మొదటి ఏడాది) నుంచి బోర్డు పరీక్షకి, అంటే స్పెషలిస్ట్ గుర్తింపు పరీక్షకి, అర్హత వచ్చేదాకా అక్కడే ఉంటారు: మెడిసిన్‌కి (ఇంటర్నల్ మెడిసిన్) మూడేళ్లు, జనరల్ సర్జరీకి ఐదేళ్లు. ‘ఏ’ అక్షరం అంటే అడ్వాన్స్‌డ్. ఇందులో చేరేది రెండో ఏడాదిలో. మొదటి ఏడాది ఎక్కడ చేస్తారో మీరే చూసుకోవాలి. డెర్మటాలజీ, రేడియాలజీ, రేడియేషన్ ఆంకాలజీ, పీఎం అండ్ ఆర్ (ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్) ఎక్కువగా ఇలాగే ఉంటాయి. అనస్థీషియా, న్యూరాలజీల్లో రెండు రకాలూ ఉన్నాయి. పి అంటే ప్రిలిమినరీ, మన మాటల్లో ప్రిలిమ్, ఒక్క ఏడాది కాంట్రాక్టు. రకరకాల విభాగాలు తిరిగే ట్రాన్సిషనల్ ఇయర్ కూడా దీని కిందికే వస్తుంది. నాలుగో అక్షరం ఆర్. దాన్ని చాలామంది పట్టించుకోరు, మనం మాత్రం కాసేపట్లో దాని దగ్గర ఆగుదాం.

ఇంకో సందేహం ఇక్కడే తీర్చేస్తాను. మీరు ఇక్కడ ఏడాది పాటు అన్ని వార్డులూ తిరిగి చేసిన హౌస్ సర్జెన్సీ, చూడ్డానికి ట్రాన్సిషనల్ ఇయర్ లాగే ఉంటుంది. కానీ అడ్వాన్స్‌డ్ సీటుకి కావాల్సిన మొదటి ఏడాదిగా అది చెల్లదు. ఏసీజీఎంఈ (అమెరికాలో రెసిడెన్సీలకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న చోట మళ్లీ ఇంటర్న్‌గా చేరాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. "ఏ బ్రాంచో ఇంకా తేలలేదు, ఒక ఏడాది ప్రిలిమ్ చేస్తూ ఆలోచించుకుంటాను" అనే మాట ప్రతి బ్యాచ్‌లోనూ వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది, క్యాలెండర్ మాత్రం ఒప్పుకోదు. జులై 1 ప్రాంతంలో డ్యూటీలో చేరతారు. అదే సెప్టెంబర్ చివర్లో మీ కొత్త అప్లికేషన్ ప్రోగ్రాముల ముందుండాలి. అందులోకి సిఫార్సు ఉత్తరాలు రావాలంటే ఆగస్టు చివరికల్లా ఎవరో ఒకరు మీ పని చూసి ఉండాలి. అంటే ఆలోచించుకోవడానికి మీ చేతిలో ఉండేది రెండు రొటేషన్లు, అంటే రెండు విభాగాల్లో నెలేసి డ్యూటీ. ఆ రెండింట్లో ఒకటి నైట్ డ్యూటీలైతే, ఇక ఒక్కటే. వారానికి 80 గంటల పరిమితి ఉందిగా అంటారేమో. అది నాలుగు వారాల సగటు. కొత్త ఆసుపత్రి, కొత్త కంప్యూటర్ సిస్టమ్, కొత్త దేశం. ఆ రెండు నెలల్లో జీవితకాలపు బ్రాంచ్ తేల్చుకున్నవాళ్లు అరుదు.

కాబట్టి ప్రశ్నని కొంచెం తిప్పి అడగాలి. ఏ ఏడాది చేస్తే నా బ్రాంచ్ తేలుతుంది అని కాదు, నేను ఊగిసలాడుతున్న రెండు మూడు బ్రాంచ్‌లలో ఎక్కువ వాటికి ఏ ఏడాది చెల్లుతుంది అని. ఏమీ తేలలేదనేవాళ్లని కూర్చోబెట్టి అడిగితే ఇరవై బ్రాంచ్‌ల పేర్లు చెప్పరు, మహా అయితే మూడు చెబుతారు. ఆ మూడు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

ప్రిలిమినరీ మెడిసిన్‌లో పని కేటగరికల్ ఇంటర్న్ చేసే పనే: వార్డులు, ఐసీయూ, నైట్లు, కొన్ని ఎలెక్టివ్‌లు (మనం ఎంచుకునే రొటేషన్లు). చాలా చోట్ల వారం వారం నడిచే సొంత క్లినిక్ మాత్రం ఉండదు. దీని పెద్ద లాభం, ఆ తర్వాత మెడిసిన్‌లోనే ఉండిపోవాలనిపిస్తే మూడేళ్లలో ఒకటి అయిపోయినట్టే. కేటగరికల్ రెండో ఏడాదిలో ఖాళీ దొరికితే నేరుగా చేరొచ్చు.

ట్రాన్సిషనల్ ఇయర్‌లో మెడిసిన్, సర్జరీ, ఎమర్జెన్సీ, పీడియాట్రిక్స్, గైనిక్, ఫ్యామిలీ మెడిసిన్ లాంటి మూల విభాగాల్లో కనీసం 24 వారాలు ఉండాలి. ఎలెక్టివ్‌లు ఎక్కువ, శ్రమ కాస్త తక్కువ. అందుకే డెర్మటాలజీ, రేడియాలజీ సీటు వచ్చినవాళ్లంతా వీటి మీదే పడతారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, విదేశాల నుంచి వచ్చేవాళ్లకి దొరకడం కష్టం. బ్రాంచ్ తేలనివాళ్లకి సరిగ్గా ఇదే కావాలి అనిపిస్తుంది కదా. కొంతవరకు నిజమే. కానీ చివరికి మెడిసిన్‌లోకి వెళ్తే ఈ ఏడాది మొత్తం లెక్కలోకి రాదు. మెడిసిన్ విభాగం పర్యవేక్షణలో చేసిన నెలలకే క్రెడిట్ అడగొచ్చు, ఇవ్వడం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది.

ప్రిలిమినరీ సర్జరీలో రెండు రకాలు. డిజిగ్నేటెడ్ అంటే, తర్వాత వెళ్లే చోటు ముందే ఖాయమైనవాళ్ల కోసం ఉంచిన సీటు. నాన్ డిజిగ్నేటెడ్ అంటే జూన్ 30 తర్వాత ఏమిటో ఎవరికీ తెలియని సీటు. మ్యాచ్ అయ్యాక ఏటా పెద్ద సంఖ్యలో ఖాళీగా మిగిలేవి ఈ రెండో రకమే. ఆసుపత్రికి వార్డుల్లో, కన్సల్ట్‌లలో చేతులు కావాలి, ఐదేళ్ల సీట్లు మాత్రం లెక్కపెట్టి ఉంటాయి. సర్జరీ తప్ప ఇంకేదీ వద్దనుకుని, ఒక ఏడాది పందెం కాయడానికి సిద్ధపడ్డవాళ్లకి ఇది ఒక దారి. ఏ బ్రాంచో తెలియనివాళ్లకి మాత్రం నేను సలహా ఇవ్వను.

ఇప్పుడు ఏది దేనికి చెల్లుతుందో చూద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

న్యూరాలజీ అందరికంటే కచ్చితంగా అడుగుతుంది. మొదటి ఏడాదిలో ఎనిమిది నెలలు మెడిసిన్ చేసి ఉండాలి. లేదంటే ఆరు నెలలు మెడిసిన్, దానికి తోడు పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ, ఫ్యామిలీ మెడిసిన్ లాంటి వాటిలో కనీసం రెండు నెలలు. ప్రిలిమ్ మెడిసిన్‌లో ఇది దానంతట అదే కుదురుతుంది. ట్రాన్సిషనల్‌లో అయితే నెలలు లెక్కేసి, ఎలెక్టివ్‌లు మెడిసిన్ వైపు మళ్లించుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఎలెక్టివ్‌లన్నీ రేడియాలజీ, డెర్మ్ చేసేసి, మార్చిలో న్యూరాలజీ అంటే నెలలు సరిపోవు.

అనస్థీషియాకి కనీసం ఆరు నెలలు వార్డు పేషెంట్ల బాధ్యత, ఒక నెల ఎమర్జెన్సీ, ఒక నెల ఐసీయూ ఉండాలి. మెడిసిన్, సర్జరీ, ట్రాన్సిషనల్ మూడూ పనికొస్తాయి. కొన్ని ప్రిలిమ్ సర్జరీ షెడ్యూళ్లలో ఎమర్జెన్సీ నెల ఉండదు, చేరకముందే చూసుకోండి. రేడియాలజీకీ, రేడియేషన్ ఆంకాలజీకీ దాదాపు తొమ్మిది నెలలు పేషెంట్లని స్వయంగా చూసే పని కావాలి, కాబట్టి స్కాన్‌లు చదివే రీడింగ్ రూమ్‌లో ఎలెక్టివ్‌లు కుప్పలుగా పెట్టుకోవడానికి వీల్లేదు. పీఎం అండ్ ఆర్, డెర్మటాలజీ ఇంత పట్టుబట్టవు.

సైకియాట్రీ సంగతి చాలామందికి తెలియదు. అది నాలుగేళ్ల కేటగరికల్ బ్రాంచే. కానీ మెడిసిన్‌లోనో, ఫ్యామిలీ మెడిసిన్‌లోనో, పీడియాట్రిక్స్‌లోనో ఒక ఏడాది పూర్తిచేసినవాళ్లు నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. ట్రాన్సిషనల్ చేసినవాళ్లయితే అందులో కనీసం నాలుగు నెలలు ప్రైమరీ కేర్ (ఫ్యామిలీ మెడిసిన్ లాంటి మొదటి స్థాయి వైద్యం) ఉండాలి. ప్రిలిమ్ సర్జరీకి ఆ వెసులుబాటు లేదు.

మీ కాగితం మీద న్యూరాలజీ, మెడిసిన్, సైకియాట్రీ ఉన్నాయనుకోండి, ప్రిలిమ్ మెడిసిన్ మూడింటికీ చెల్లుతుంది. అనస్థీషియా, రేడియాలజీ ఉంటే ట్రాన్సిషనల్ హాయి. సర్జరీ, అనస్థీషియా ఉంటే ఎమర్జెన్సీ, ఐసీయూ నెలలున్న ప్రిలిమ్ సర్జరీ కుదురుతుంది. కాగితంలో ఎక్కడైనా మెడిసిన్ ఉంటే, ప్రిలిమ్ కంటే కేటగరికల్ మెడిసినే మంచిదని నా అభిప్రాయం. ఏడాది తర్వాత వదిలేసి వెళ్లినా ఆ ఏడాది ప్రిలిమ్ మెడిసిన్ లాగే చెల్లుతుంది, వెళ్లకపోతే సీటు చేతిలోనే ఉంటుంది. ఒక్కటే మాట: వెళ్లేట్టయితే ప్రోగ్రామ్ డైరెక్టర్‌కి ముందుగా చెప్పి వెళ్లండి. చెప్పకుండా అప్లై చేస్తే ఆ సంగతి ఫోన్‌లో ఆయనకి తెలిసిపోతుంది, మీకు అత్యవసరమైన ఉత్తరం పోతుంది.

ఇప్పుడు ఆ ఆర్ అక్షరం. మీరు 2026 జులైలో ప్రిలిమ్‌లో చేరారనుకుందాం. సెప్టెంబర్‌లో రేడియాలజీకి అప్లై చేశారు, 2027 మార్చిలో అడ్వాన్స్‌డ్ సీటు మ్యాచ్ అయింది. ఆ సీటు మొదలయ్యేది 2028 జులైలో. 2027 జూన్ 30కి మీ ప్రిలిమ్ అయిపోతుంది. మధ్యలో ఏడాది ఖాళీ. అమెరికా పౌరులైతే రీసెర్చ్ చేసుకుంటూ గడిపేస్తారు. జే-1 వీసా (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద ఉన్నవాళ్లకి శిక్షణ ముగిశాక ఉండేది 30 రోజుల గడువే. ఆర్ సీట్లు అలా కాదు. అవి ఇప్పటికే ఇంటర్న్ ఏడాది చేస్తున్న, చేసేసిన డాక్టర్ల కోసం ఉంచినవి, అదే మార్చిలో మ్యాచ్ అయి అదే జులైలో రెండో ఏడాదితో మొదలవుతాయి. సంఖ్య తక్కువే. అయినా బ్రాంచ్ తేలక ప్రిలిమ్‌లో చేరినవాళ్లు వెతకాల్సినవి మొదట ఇవే. ఒకే ప్రోగ్రామ్‌కి అడ్వాన్స్‌డ్ సీట్లూ ఆర్ సీట్లూ వేరువేరు కోడ్‌లతో ఉంటాయి. ర్యాంక్ లిస్టులో ఒకటి పెట్టి రెండోది మర్చిపోవద్దు.

వీసా మాట వచ్చింది కాబట్టి అది కూడా. జే-1 మీద క్లినికల్ శిక్షణకి మొత్తం ఏడేళ్లు. ప్రిలిమ్ సర్జరీ ఒకటి, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి జనరల్ సర్జరీ ఐదు కలిపితే ఆరు. ఇంక రెండేళ్ల ఫెలోషిప్‌కి, అంటే సూపర్ స్పెషాలిటీ శిక్షణకి, చోటు లేదు. హెచ్-1బి అయితే ఆరేళ్లే, దానికి స్టెప్ 3 (లైసెన్సు పరీక్షల్లో చివరిది) ముందే పాసై ఉండాలి. అమెరికా అధ్యక్షుడి 2025 సెప్టెంబర్ ప్రకటనతో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల భారం కూడా పడింది, కాబట్టి ఆసుపత్రులు వెనకాడతాయి. జే-1లో ఇంకో నిబంధన ఉంది: అమెరికాలో అడుగుపెట్టిన రెండేళ్లలోపు, ఒక్కసారి మాత్రమే శిక్షణ రంగం మార్చుకోవచ్చు. తేల్చుకోవడానికి గడువు ఏదైనా ఉంటే అదీ ఇదే.

డబ్బు లెక్క క్లుప్తంగా. రెసిడెంట్ల శిక్షణకి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆసుపత్రులకి చెల్లిస్తుంది. మీరు మొదట చేరిన బ్రాంచ్‌ని బట్టి మీ పేరు మీద ఒక గడియారం మొదలవుతుంది, దానికి గరిష్ఠం ఐదేళ్లు. ముందే అడ్వాన్స్‌డ్ సీటు ఉంటే ఆ బ్రాంచ్ గడువే వర్తిస్తుంది. అలాంటి సీటేదీ లేకుండా ప్రిలిమ్ మెడిసిన్‌లో చేరితే గడియారం మూడేళ్లకి పెడతారు, ప్రిలిమ్ సర్జరీ అయితే ఐదేళ్లకి. ట్రాన్సిషనల్ అయితే రెండో ఏడాదిలో చేరిన బ్రాంచ్‌ని బట్టి. గడువు దాటాక మీ జీతం లాంటి శిక్షణ ఖర్చులకి ఆసుపత్రికి వచ్చే ప్రత్యక్ష చెల్లింపు సగానికి పడిపోతుంది, బోధనాసుపత్రి అయినందుకు అదనంగా వచ్చే పరోక్ష చెల్లింపు తగ్గదు. ప్రిలిమ్ మెడిసిన్ చేసి రేడియాలజీకి మారితే, చివరి రెండేళ్లు ఈ సగం లెక్కలో పడతాయి. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రులు, మెడికేర్ డబ్బిచ్చే రెసిడెంట్ల సంఖ్య మీద 1997 చట్టం పెట్టిన పరిమితిని ఎప్పుడో దాటేశాయి, వాటికి ఇది పెద్ద విషయం కాదు. చిన్న ఆసుపత్రి ఇంటర్వ్యూలో అడిగితే తడబడకుండా జవాబు చెప్పగలిగితే చాలు.

ర్యాంక్ లిస్టు దగ్గర కాస్త నిదానిస్తాను, ఏటా జరిగే ప్రమాదాలు ఇక్కడే. అడ్వాన్స్‌డ్ ప్రోగ్రాములు మీ ప్రైమరీ లిస్టులో ఉంటాయి. ఒక్కో అడ్వాన్స్‌డ్ ప్రోగ్రామ్‌కి ఒక సప్లిమెంటల్ లిస్టు తగిలించాలి, అందులో ప్రిలిమ్, ట్రాన్సిషనల్ ప్రోగ్రాములు రాయాలి. డెట్రాయిట్ రేడియాలజీకి డెట్రాయిట్ చుట్టుపక్కల ప్రిలిమ్‌లు, హ్యూస్టన్ రేడియాలజీకి హ్యూస్టన్‌వి, ఇలా వేరువేరుగా తగిలించుకోవచ్చు. మొదటి పొరపాటు: ప్రిలిమ్‌ని ప్రైమరీ లిస్టులో అడ్వాన్స్‌డ్ కంటే పైన పెట్టడం. ఆ ప్రిలిమ్ వచ్చిందంటే లిస్టు అక్కడితో ఆగిపోతుంది, కింద ఉన్న అడ్వాన్స్‌డ్‌ని సిస్టమ్ చూడదు. రెండోది: ప్రిలిమ్‌లన్నీ ప్రైమరీ లిస్టు అడుగున పెట్టి, సప్లిమెంటల్ తగిలించడం మర్చిపోవడం. అప్పుడు అడ్వాన్స్‌డ్ మ్యాచ్ అవుతుంది, మొదటి ఏడాది మాత్రం ఉండదు. మూడోది: సప్లిమెంటల్‌లో రెండే పేర్లు రాయడం. సరైన పద్ధతి ఏమిటంటే, అడ్వాన్స్‌డ్‌లు పైన, ప్రతిదానికీ నిండైన సప్లిమెంటల్, వాటి కింద ప్రైమరీలోనే ఒంటరిగా వచ్చినా చేరడానికి మీరు సిద్ధంగా ఉన్న సీట్లు. ఇష్టం లేని సీటు అసలు రాయకండి. మ్యాచ్ అయితే చేరి తీరాలి.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గత మూడేళ్లలో ఇక్కడ నాన్ డిజిగ్నేటెడ్ ప్రిలిమ్‌లుగా చేసినవాళ్లు ఒక్కొక్కరు తర్వాత ఎక్కడికి వెళ్లారు, ఏ బ్రాంచ్‌లో? "చాలామందికి బాగానే వచ్చింది" అనేది జవాబు కాదు, పేర్లు లేకపోయినా లెక్క చెప్పాలి. ఎలెక్టివ్‌లు ఎన్ని వారాలు, జులై, ఆగస్టుల్లో ఒకటి ఇస్తారా? ఇంటర్వ్యూలకి ఎన్ని రోజులు వదులుతారు? ప్రిలిమ్‌లకీ కేటగరికల్‌లకీ నైట్లు సమానమేనా? చివరి ప్రశ్నకి జవాబు ఇంటర్వ్యూ చేసేవాళ్ల దగ్గర దొరకదు, ఇప్పుడక్కడ పనిచేస్తున్న ప్రిలిమ్ ఇంటర్న్‌ని అడగండి.

ఇక మీ ప్రశ్నలు.

(శ్రోత: సార్, మ్యాచ్ కాకపోతే సోప్‌లో ప్రిలిమ్ సర్జరీ వస్తే తీసుకోవాలా, ఇంకో ఏడాది ఆగాలా?)

సోప్ అంటే తెలియనివాళ్ల కోసం: మ్యాచ్ వారం సోమవారం ఖాళీల జాబితా వస్తుంది, గరిష్ఠంగా 45 ప్రోగ్రాములకి అప్లై చేయొచ్చు, గురువారం రౌండ్లవారీగా ఆఫర్లు. వాళ్లు పిలవకముందు మీరు ఫోన్ చేయకూడదు. ఇప్పుడు మీ ప్రశ్న. తర్వాత సర్జరీ గానీ అనస్థీషియా గానీ కావాలనుకుంటే తీసుకోండి. సర్జరీ రెసిడెంట్లు ఏటా జనవరి చివర్లో రాసే ఆబ్‌సైట్ పరీక్షకి మొదటి రోజు నుంచే చదవండి. రెండో ఏడాది ఖాళీలు వచ్చినప్పుడు ఆ స్కోరే అడుగుతారు. మీకు కావాల్సింది మెడిసినో సైకియాట్రీయో అయితే, ఆ ఏడాది సర్జరీ వార్డుల్లో గడిపి రెండో ఏడాదిలోకి వెళ్లే దారి లేదు, మళ్లీ ఇంటర్న్‌గానే మొదలుపెట్టాలి. అయినా అమెరికా అనుభవం, అక్కడి ఉత్తరాలు వస్తాయి కదా అంటే, వస్తాయి. కానీ వీసా ఏడేళ్లలో ఒకటి కరిగిపోతుంది. ఆ బేరం కుదిరేదీ లేనిదీ మీరే తేల్చుకోవాలి. ఒకే చోట రెండో ప్రిలిమ్ ఏడాది ఇస్తామంటే మాత్రం చాలా ఆలోచించండి.

(శ్రోత: అడ్వాన్స్‌డ్ రేడియాలజీ మ్యాచ్ అయింది సార్ మా అక్కకి. ప్రిలిమ్ చేస్తుంటే మెడిసినే నచ్చిందట. వదులుకోవచ్చా?)

నేరుగా వదిలేయకూడదు. మ్యాచ్ ఒప్పందం ఉల్లంఘన కింద వస్తుంది. మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీని వేవర్ (మినహాయింపు) అడగాలి. బ్రాంచ్ మార్చుకునే కారణంతో అడిగే వేవర్‌కి, అడ్వాన్స్‌డ్ శిక్షణ మొదలయ్యే ఏడాది జనవరి 15 ఆఖరి తేదీ. అది దాటితే ఆ కారణం చెల్లదు. ఈలోగా ప్రిలిమ్ చేస్తున్న చోట మెడిసిన్ ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని కలవమనండి, రెండో ఏడాదిలో కేటగరికల్ ఖాళీ ఉంటుందేమో. వేవర్ వచ్చాకే కొత్త చోట మాటివ్వాలి, ముందుగా ఇవ్వకూడదు.

(శ్రోత: ప్రిలిమ్ మెడిసిన్ మ్యాచ్ అయితే, జులై లోపు చేయాల్సింది ఏమైనా ఉందా?)

ఉంది. స్టెప్ 3 రాసేయండి, కుదిరితే జూన్ లోపే. జులై తర్వాత దానికి తీరిక దొరకదు, సెప్టెంబర్ అప్లికేషన్‌లో ఆ రిజల్ట్ ఉంటే హెచ్-1బి ఇచ్చే కొద్ది ప్రోగ్రాముల తలుపు కూడా మూసుకోదు. ఇక రొటేషన్ల షెడ్యూలు. సాధారణంగా దాన్ని చీఫ్ రెసిడెంట్లు వేసవి మొదలవకముందే వేసేస్తారు, వేశాక మార్చరు. కాబట్టి మ్యాచ్ డే అయిన వారంలోనే వాళ్లకి రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి: ఈ ఏడాదే మళ్లీ అప్లై చేస్తున్నాను, జులై ఆగస్టుల్లో ఒక వార్డు నెల, నేను చూడాలనుకుంటున్న బ్రాంచ్‌లో రెండు వారాల ఎలెక్టివ్ ఇవ్వగలరా, నైట్లు అక్టోబర్ తర్వాత ఎన్ని వేసినా సరే. చివరి మాట తప్పకుండా రాయండి. అది రాస్తే చాలావరకు ఒప్పుకుంటారు.